సరిహద్దు గీత పక్కన దాని పుట్టినతేదీ రాయండి

ప్రపంచంలోని అన్ని దేశాల్లోనూ బడిపిల్లల కోసం చరిత్ర, భూగోళ పాఠ్యపుస్తకాలు రాసేవారికి, వాటిని ఆమోదించే సంఘాల సభ్యులకు, పాఠశాల అట్లాసులు అచ్చువేసేవారికి,

నమస్కారం.

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పాను. ఆ సంవత్సరాల్లో వేల పటాలు దిద్దాను. అవుట్‌లైన్ పటం ఇచ్చి దేశాలను గుర్తించమంటే చాలామంది పిల్లలు ముందుగా ఒక పని చేస్తారు. సరిహద్దు గీత మీద ముదురు పెన్సిల్‌తో మళ్లీ ఒకసారి దిద్దుతారు. గీత ఎంత ముదురుగా ఉంటే పటం అంత బాగున్నట్టు. నేనూ అలాగే మార్కులు వేశాను. నదిని నీలంగా, కొండను గోధుమరంగులో, సరిహద్దును నల్లగా దిద్దించాను, మూడూ ఒకే జాతి వస్తువులన్నట్టు. కొండల వయసు కోట్ల ఏళ్లలో చెప్పాలి, నదుల వయసు లక్షల ఏళ్లలో. ఆ నల్లగీతల్లో చాలావాటికి నూట యాభై ఏళ్లు కూడా లేవు. ఈ తేడా నేను తరగతిలో చెప్పలేదు, ఎందుకంటే పుస్తకంలో లేదు. ఆ తప్పులో నా వాటా ఒప్పుకుంటున్నాను. మీ వాటా మీకు గుర్తుచేయడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను కోరేది పెద్ద పని కాదు. అట్లాసులో ప్రతి అంతర్జాతీయ సరిహద్దు పక్కన మూడు విషయాలు అచ్చువేయండి: దాన్ని ఎప్పుడు గీశారు, ఎవరు గీశారు, అక్కడ ఉంటున్నవారిని అడిగారా లేదా.

ఏరుల పుట్టుక, శూరుల పుట్టుక అడగకూడదని మన పాతమాట. ఎంత పెద్ద నదైనా మొదట్లో బొట్టుబొట్టుగా కారే ఊటే. శూరుడి పుట్టుక తవ్వితే అతని గౌరవానికి భంగం. దేశాల విషయంలో లోకమంతా ఈ మాటనే పాటిస్తోంది. అంతర్జాతీయ చట్టం కూడా అంతే. 1933లో మాంటెవిడియోలో కుదిరిన ఒప్పందం రాజ్యానికి ఉండవలసిన లక్షణాలు నాలుగు చెప్పింది. స్థిరమైన జనాభా ఉండాలి, నిర్ణీతమైన భూభాగం ఉండాలి, ప్రభుత్వం ఉండాలి, ఇతర రాజ్యాలతో సంబంధాలు నెరపగల సామర్థ్యం ఉండాలి. ఆ భూభాగం ఎలా చేతికి వచ్చింది, ఆ జనాన్ని ఒకచోట ఎవరు కలిపారు, ఆ ప్రభుత్వం మొదట ఎవరి కత్తి నీడలో గద్దె ఎక్కింది అనే ప్రశ్నలు ఆ నాలుగింటిలో లేవు. రోజువారీ వ్యవహారం నడవడానికి దౌత్యవేత్తలకు ఆ మౌనం అవసరం కావచ్చు. బడికి ఆ అవసరం లేదు. మూలం అడగడమే బడి పని.

మన ఉపఖండంలో అందరూ పేరు విన్న గీతతో మొదలుపెడతాను. సిరిల్ రాడ్‌క్లిఫ్ లండన్‌లో పేరు మోసిన న్యాయవాది. 1947 జూలై 8న ఢిల్లీలో దిగేదాకా ఆయన భారతదేశంలో అడుగుపెట్టలేదు. పంజాబ్‌ను విడదీసే సంఘానికీ, బెంగాల్‌ను విడదీసే సంఘానికీ ఆయనే అధ్యక్షుడు. ఈ నేల తెలియకపోవడమే ఆయన అర్హత అయింది. తెలిసినవాడైతే ఎవరో ఒకరి పక్షం వహిస్తాడని భయం. ఒక్కో సంఘంలో నలుగురు న్యాయమూర్తులు, ఇద్దరు కాంగ్రెస్ వైపు నుంచి, ఇద్దరు ముస్లిం లీగ్ వైపు నుంచి. వాళ్లు ఏకాభిప్రాయానికి రాలేకపోయారు కాబట్టి చివరి మాట ఆయన ఒక్కడిదే అయింది. చేతిలో ఉన్నది ఐదు వారాల గడువు, జనాభా లెక్కల పట్టికలు, కొన్ని పటాలు. దాదాపు 8.8 కోట్లమంది నివసించే నేల మీద గీత గీయాలి.

గీత ఆగస్టు రెండో వారంలోనే సిద్ధమైంది. ప్రకటించింది మాత్రం 17న. అంటే స్వాతంత్ర్యం వచ్చిన రోజున, సరిహద్దు జిల్లాల్లో లక్షలాదిమందికి తాము ఏ దేశంలో ఉన్నారో తెలియదు. ముర్షీదాబాద్‌లో పాకిస్తాన్ జెండా ఎగిరింది, ఖుల్నాలో భారత జెండా ఎగిరింది. గీత బయటపడ్డాక రెండుచోట్లా దించి మార్చారు. ఆ తరువాత 1.2 కోట్ల నుంచి 1.5 కోట్లమంది దాకా ఇల్లూ పొలమూ వదిలి గీత దాటారు. ఎంతమంది చనిపోయారన్నదాని మీద చరిత్రకారులు నేటికీ ఏకీభవించలేదు. కొందరు రెండు లక్షలంటారు, కొందరు ఇరవై లక్షలంటారు. ఆ రెండంకెల మధ్య దూరం చూస్తే నాకు గుండె చెరువవుతుంది. చనిపోయినవారిని లెక్కపెట్టే నాథుడు కూడా లేడన్నమాట. రాడ్‌క్లిఫ్ తన కాగితాలు కాల్చివేసి వెళ్లిపోయాడు. మళ్లీ ఈ గడ్డ మీదికి రాలేదు.

ఆయన్ను దుర్మార్గుడిగా చిత్రించమని నేను అడగడం లేదు. కాలువలు ఎటు పారుతున్నాయో చూశాడు, రైలు మార్గాలు చూశాడు, ఏ తాలూకాలో ఎవరెంతమందో చూశాడు. అంతగా కలిసిపోయిన ఊళ్లను నెత్తురు కారకుండా విడదీసే గీత అసలు ఉండదని నా నమ్మకం. నా ఫిర్యాదు వాక్యం మీద. మన పాఠం ‘దేశ విభజన జరిగింది’ అంటుంది. ఆ వాక్యానికి కర్త లేడు. మీ పుస్తకాలన్నీ తిరగేయండి. దేశాలు ‘ఏర్పడతాయి’, ప్రాంతాలు ‘విలీనమవుతాయి’, సరిహద్దులు ‘నిర్ణయమవుతాయి’, మబ్బు పట్టినట్టు, మంచు కురిసినట్టు. వ్యాకరణం పాఠంలో కర్త లేని వాక్యానికి మార్కులు తగ్గించే మనమే చరిత్ర పాఠంలో పుస్తకమంతా అలా రాస్తున్నాం.

కొరియాకు ఐదు వారాలు కూడా ఇవ్వలేదు. 1945 ఆగస్టు 10 రాత్రి వాషింగ్టన్‌లో డీన్ రస్క్, చార్లెస్ బోన్‌స్టీల్ అనే ఇద్దరు సైనికాధికారులకు ఒక పని అప్పగించారు. జపాన్ లొంగిపోబోతోంది. కొరియాలో సోవియట్ సేనలు ఎక్కడిదాకా వచ్చి ఆగాలో, అమెరికా సేనలు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉండాలో తేల్చాలి. గడువు అరగంట. వాళ్ల ముందున్నది నేషనల్ జియోగ్రాఫిక్ పటం. సియోల్ తమ వైపు ఉండాలనుకున్నారు. దానికి ఉత్తరాన పటం మీద కనిపించిన 38వ అక్షాంశాన్ని ఎంచుకున్నారు. కొరియా గురించి తెలిసిన నిపుణుడిని ఒక్కడినీ పిలవలేదు. అక్షాంశం ఒక్క వాగునూ ఒక్క ఊరినీ ఎరగదు, నేల మీద ఏముందో దానికి పట్టదు. లొంగుబాటు పర్యవేక్షణకు తాత్కాలికంగా గీసిన ఆ గీతకు అటూ ఇటూ మూడేళ్లలో రెండు ప్రభుత్వాలు లేచాయి, ఐదేళ్లలో యుద్ధం లేచింది. 1953లో కాల్పులు ఆగినచోట గీత కాస్త వంకర తిరిగింది. దాదాపు 250 కిలోమీటర్ల పొడవున, నాలుగు కిలోమీటర్ల వెడల్పున, ఆ ఖాళీ పట్టీ ఇవాళ్టికీ అలాగే ఉంది. వెయ్యేళ్లకు పైగా ఒకే రాజ్యంగా బతికిన ఒకే భాష మనుషులు వాళ్లు. అన్న ఒకవైపు, తమ్ముడు ఒకవైపు ఉండిపోయి, బతికి ఉన్నారో లేదో తెలియకుండానే ముసలివాళ్లైపోయారు.

పటం తప్పైతే దేశం ఆకారమే తప్పవుతుంది. 1783లో అమెరికా, బ్రిటన్ల మధ్య పారిస్‌లో ఒప్పందం కుదిరినప్పుడు ఇరుపక్షాలూ నమ్ముకున్నది 1755లో జాన్ మిచెల్ గీసిన పటం. లేక్ ఆఫ్ ది వుడ్స్ అనే సరస్సు వాయవ్య మూల నుంచి నేరుగా పడమరకు వెళ్తే మిస్సిసిపీ నది తగులుతుందని రాసుకున్నారు. ఎంత పోయినా తగలదు. ఆ నది పుట్టుక దానికి ఎంతో దక్షిణాన ఉంది. ఆ పొరపాటును సర్దడానికి 1818లో ఆ మూల నుంచి కిందికి 49వ అక్షాంశం దాకా ఒక నిలువు గీత దించారు. దాంతో సరస్సు అవతల ఒక ముక్క తెగి మిగిలిపోయింది. అది అమెరికాదే, కానీ నేల మీద నడిచి వెళ్లాలంటే కెనడా గుండా పోవాలి. పొరపాటు అని తెలిసి రెండు వందల ఏళ్లయింది. ముక్క అలాగే ఉంది.

ఆఫ్రికా దగ్గరికి వస్తే మీలో చాలామంది ఒక మాట రాస్తారు, 1884-85 బెర్లిన్ సమావేశంలో ఐరోపా దేశాలు ఆ ఖండాన్ని కోసి పంచుకున్నాయని. అది సగమే నిజం. పద్నాలుగు దేశాల ప్రతినిధులు అక్కడ కూర్చున్న మాట నిజం, వాళ్లలో ఒక్క ఆఫ్రికన్ లేకపోవడమూ నిజం. కానీ అక్కడ తేల్చుకున్నవి ముఖ్యంగా వ్యాపారం, నదీ ప్రయాణం, కొత్తగా తీరం ఆక్రమిస్తే పాటించాల్సిన నియమాలు. గీతల్లో ఎక్కువభాగం ఆ తరువాతి ఏళ్లలో ఇద్దరిద్దరుగా కూర్చుని గీసుకున్నవి. 1890లో బ్రిటిష్ ప్రధాని సాలిస్‌బరీ ఈ సంగతి బాహాటంగానే ఒప్పుకున్నాడు. తెల్లవాడి కాలు పడని చోట పటాల మీద గీతలు గీస్తున్నామనీ, కొండలనూ నదులనూ సరస్సులనూ ఒకరికొకరం ఇచ్చిపుచ్చుకుంటున్నామనీ, అవి ఎక్కడున్నాయో మాత్రం తమకు సరిగ్గా తెలియదనీ అన్నాడు. పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది?

అదే 1890లో జూలై 1న జర్మనీ, బ్రిటన్ ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఉత్తర సముద్రంలోని హెలిగోలాండ్ అనే చిన్న దీవి జర్మనీకి వచ్చింది. తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ మీద బ్రిటన్ పెత్తనానికి జర్మనీ అడ్డు చెప్పకూడదు. ఆ లెక్కల్లో భాగంగానే నైరుతి ఆఫ్రికాలోని జర్మన్ వలసకు, అంటే నేటి నమీబియాకు, తూర్పున ఒక తోక అతికించారు. 450 కిలోమీటర్ల పొడవు, సన్నగా ఉన్నచోట 32 కిలోమీటర్ల వెడల్పు. జాంబెజీ నదిని అందుకుంటే అక్కడి నుంచి హిందూ మహాసముద్రం దాకా దారి దొరుకుతుందని జర్మనీ ఆశ. ఆ నదికి దిగువన విక్టోరియా జలపాతం ఉంది. నూరు మీటర్ల ఎత్తు నుంచి పడే నీటిలో పడవ ఎలా దిగుతుంది? ఆ తోకకు అప్పటి జర్మన్ ఛాన్సలర్ కాప్రివి పేరు పెట్టారు. పాతికేళ్లు తిరిగేసరికి మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ ఆ వలసను పోగొట్టుకుంది. తోక మిగిలింది. 1990లో నమీబియా స్వతంత్ర దేశమైనప్పుడు దానితోపాటే వచ్చింది. 1999లో ఆ తోకలోనివారు కొందరు తమకు వేరే దేశం కావాలని తిరుగుబాటు చేస్తే ప్రభుత్వం అణచివేసింది. ప్రాణాలు పోయాయి. ఆ మనుషులను ఎన్నడూ చూడని ఇద్దరు మంత్రులు, సముద్రాన్ని చేర్చని ఒక నది కోసం చేసిన బేరం ఇది. దాని ఖర్చు నూరేళ్ల తరువాతివారు చెల్లించారు. నేను పటం పాఠం చెప్పినన్నాళ్లూ ఆ తోకను ‘నమీబియా ఆకార విశేషం’ అని మాత్రమే చెప్పాను.

గీతల సంగతి ఇలా ఉంటే గద్దెల సంగతి మరోలా లేదు. కర్ర ఉన్నవాడిదే బర్రె అన్న సామెత ఎన్నో రాజవంశాల మొదటి పేజీలో రాయవచ్చు. 1297 జనవరిలో ఫ్రాన్సిస్కో గ్రిమాల్డి సన్యాసి వేషంలో వెళ్లి మొనాకో కోట తలుపు తీయించి, అంగీ కింద దాచిన కత్తి దూసి కోటను పట్టుకున్నాడు. మధ్యలో కోట చేతులు మారినా, ఆ కుటుంబమే నేటికీ మొనాకోను ఏలుతోంది. వాళ్ల రాజచిహ్నంలో కత్తులు పట్టిన ఇద్దరు సన్యాసులు ఉన్నారు. ఆ ఒక్క విషయంలో వాళ్లను మెచ్చుకోవాలి, తమ మూలం దాచుకోలేదు. లీక్టెన్‌స్టైన్ ప్రభువులు పవిత్ర రోమన్ సామ్రాజ్య సభలో ఆసనం కోసం 1699లో ఒక జమీనూ 1712లో మరొక జమీనూ కొన్నారు. ఆ రెండూ కలిసి 1719లో వాళ్ల ఇంటిపేరుతోనే సంస్థానమయ్యాయి. ఆసనం కోసం కొన్న నేల కాబట్టి నూరేళ్లకు పైగా గద్దె మీదున్న ఏ ప్రభువూ దాన్ని చూడటానికి కూడా వెళ్లలేదు. ఆ సామ్రాజ్యం 1806లో అంతరించింది, సభ పోయింది, ఆసనం పోయింది. దేశం మాత్రం ఉంది.

ఇవి చిన్న నేలలు కాబట్టి వినడానికి ముచ్చటగా ఉంటాయి. 1885 నుంచి 1908 వరకు కాంగో బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ సొంత ఆస్తిగా ఉంది. బెల్జియం కంటే డెబ్బై రెట్లకు పైగా పెద్దదైన ఆ నేలను ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. రబ్బరు కోసం అక్కడివారి మీద జరిగిన హింస లోకానికి తెలిసి, నలువైపులా నిరసన రేగాకే అది ఆయన చేతి నుంచి బెల్జియం ప్రభుత్వానికి మారింది. అప్పుడు కూడా ఆ నేల మీది మనుషుల చేతికి రాలేదు. 1494లో టోర్డెసిల్లాస్‌లో స్పెయిన్, పోర్చుగల్ రాజులు అట్లాంటిక్ మీద, కేప్ వెర్డీ దీవులకు పడమర 370 లీగుల (లీగు అప్పటి దూరపు కొలత) దూరాన ఒక నిలువు గీత గీసుకుని, భూమిలో క్రైస్తవ రాజుల పాలనలో లేనిదంతా చెరి సగం అనుకున్నారు. ఇవాళ బ్రెజిల్‌లో ఇరవై కోట్లకు పైగా మనుషులు పోర్చుగీసు మాట్లాడటానికి మూలం ఆ గీత. అది గీసేనాటికి ఆ ఇద్దరు రాజుల మనుషులెవరూ బ్రెజిల్ తీరాన్ని చూసినట్టు దాఖలా లేదు.

ఇక్కడ కాస్త ఆగి, ఎన్నో రాత్రులు నాకు నిద్ర పట్టనీయని ఒక ప్రశ్న మీ ముందు పెడతాను. ఎన్నో దేశాల రాజ్యాంగాలు ‘ప్రజలమైన మేము’ అని మొదలవుతాయి. అధికారానికి మూలం ప్రజలే అని పిల్లలకు ఎంతో ఇష్టంగా చెబుతాం. నేనూ ఇష్టంగానే చెప్పాను, ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ ‘మేము’ ఎవరు? అందులో ఎవరుంటారో ఓటు వేసి తేల్చుకోలేం, ఎందుకంటే ఆ ఓటు ఎవరు వేయాలో ముందే తెలిసి ఉండాలి. ఓటర్ల జాబితా కంటే ముందు గీత ఉంది. గీతను పాత పాలకుడో, ఓడినవాడో, గెలిచినవాడో, గడువు మీదపడిన అధికారో గీశాడు. ఆ గీతకు ఇవతల పుట్టినవాడు ‘మేము’ అయ్యాడు, పది అడుగులు అవతల పుట్టినవాడు ‘వాళ్లు’ అయ్యాడు. ప్రజాస్వామ్యం పునాదిలో ప్రజలు వేయని రాయి ఒకటుంది. దాన్ని పీకేయమని నేననడం లేదు. అది ఉందని మీ పౌరశాస్త్రం పుస్తకం ఒక్క వాక్యంలోనైనా చెప్పాలంటున్నాను.

నిన్నటి జిల్లా గీత ఇవాళ దేశ సరిహద్దు కావడం కూడా మీ పుస్తకాల్లో కనిపించదు. మధ్య ఆసియాలోని ఫెర్ఘానా లోయను 1924 తరువాత సోవియట్ ప్రభుత్వం ఉజ్బెక్, తాజిక్, కిర్గిజ్ గణతంత్రాల మధ్య పంచింది. ఒకే దేశంలోని పంపకం కాబట్టి పొలానికీ కాలువకూ మధ్య గీత పోయినా ఎవరికీ పెద్దగా అడ్డు కాలేదు. 1991లో సోవియట్ యూనియన్ విడిపోగానే అవే గీతలు మూడు దేశాల సరిహద్దులయ్యాయి. నీళ్ల దగ్గరా దారుల దగ్గరా తగాదాలు ముదిరి 2022 సెప్టెంబరులో కిర్గిజ్, తాజిక్ సేనలు కాల్చుకున్నాయి, ఎంతోమంది చనిపోయారు. చివరికి 2025 మార్చిలో ఆ రెండు దేశాలూ కూర్చుని మొత్తం సరిహద్దు మీద సంతకాలు చేశాయి.

నేటి పశ్చిమ బెంగాల్‌లోని కూచ్ బెహార్ ముక్కల కథ ఇంకా దయలేనిది. రాజులు చదరంగంలో ఊళ్లు పందెం కాశారని జనం చెప్పుకునే కథ ఒకటుంది. నిజానికి అవి 18వ శతాబ్దంలో కూచ్ బెహార్ రాజ్యానికీ మొఘలులకూ మధ్య జరిగిన యుద్ధాలు, ఒప్పందాల నుంచి మిగిలిన ముక్కలు. 1947 తరువాత అవి ఒక దేశం కడుపులో మరో దేశం ఊళ్లుగా మారాయి. బంగ్లాదేశ్ లోపల 111 భారత ముక్కలు, భారత్ లోపల 51 బంగ్లాదేశ్ ముక్కలు. వాటిలో ఒకటి, దహలా ఖగ్రాబారి, భారత్‌కు చెందిన ఎకరం ముప్పావు పొలం. అది ఒక బంగ్లాదేశ్ ముక్కలో ఉంది, ఆ ముక్క ఒక భారత ముక్కలో ఉంది, అది మళ్లీ బంగ్లాదేశ్‌లో ఉంది. ఈ ముక్కల్లో యాభై వేలకు పైగా మనుషులు బతికారు. సొంత దేశపు బడికి, ఆసుపత్రికి, ఠాణాకు వెళ్లాలంటే పరాయి దేశం దాటాలి, దాటడానికి పత్రాలు కావాలి, పత్రాలు ఇచ్చే కార్యాలయం కూడా అవతలే. 1974లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. అమలైంది 2015 జూలై 31 అర్ధరాత్రి. దానికి కొద్ది రోజుల ముందు అక్కడివారు మొదటిసారి తాము ఏ దేశ పౌరులుగా ఉండాలో తామే చెప్పారు. నలభై ఒక్క ఏళ్లు ఎందుకు పట్టిందంటే ‘మాతృభూమి నుంచి ఒక్క అంగుళం కూడా వదలం’ అనే మాట అడ్డం పడింది. ఆ అంగుళం ఎలా మాతృభూమి అయిందో చదువుకున్న తరం ఒకటి ఉంటే ఇంత ఆలస్యం జరిగేది కాదని నా నమ్మకం.

మీలో కొందరి అభ్యంతరం నేను ఊహించగలను. ఇవన్నీ చెబితే పిల్లలకు దేశం మీద గౌరవం పోతుందంటారు. నేను ఒప్పుకోను. ఒక గీత లోపల పడ్డ పరాయివారు కలిసి బడులు కట్టుకుని, పన్నులు చెల్లించుకుని, ఒకరి భాష ఒకరు నేర్చుకుని, కరవు వచ్చినప్పుడు ఒకరి ధాన్యం ఒకరు తిని, రెండు మూడు తరాల్లో నిజంగానే ఒక జనమవుతారు. ఆ ఘనత గీసినవాడిది కాదు, బతికినవారిది. మూలం దాచిపెడితే ఆ ఘనతను కూడా దాచిపెట్టినట్టే.

రెండో అభ్యంతరం బరువైనది. గీతలన్నీ ఎవరో గీసినవే అని తెలిస్తే పొరుగువాడి గీత చెల్లదని ప్రతి బలవంతుడూ బయలుదేరతాడని. ఇది ఊహ కాదు. 2022 ఫిబ్రవరి 21న రష్యా అధ్యక్షుడు పుతిన్ టీవీలో మాట్లాడుతూ నేటి ఉక్రెయిన్ పూర్తిగా బోల్షెవిక్ రష్యా సృష్టి అన్నాడు. మూడు రోజుల తరువాత సేనలు దాటాయి. దేశాల పుట్టుక గురించి మాట్లాడేవారంతా ఆ రోజు తలదించుకోవలసి వచ్చింది. నేనూ ఆలోచనలో పడ్డాను. కానీ జాగ్రత్తగా చూడండి. ఆ ప్రసంగంలో పొరుగుదేశానికి మాత్రమే పుట్టినతేదీ ఉంది. తన దేశానికి లేదు, అది అనాదిగా ఉన్నట్టే చెప్పుకున్నాడు. సగం చరిత్ర ఎప్పుడూ బలవంతుడి చేతిలో ఆయుధమే. అందుకే మొదట మన పేజీలోనే పుట్టినతేదీ అచ్చువేయమంటున్నాను.

అదే రోజు రాత్రి ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో కెన్యా రాయబారి మార్టిన్ కిమానీ లేచాడు. తమ సరిహద్దులు తాము గీసుకున్నవి కావనీ, లండన్, పారిస్, లిస్బన్ వంటి దూరపు రాజధానుల్లో గీసినవనీ, ప్రతి ఆఫ్రికా దేశానికీ గీత అవతల తన బంధువులు ఉన్నారనీ చెప్పాడు. ఒకే జాతి, ఒకే మతం అంటూ దేశాలు కట్టుకోవాలని బయలుదేరి ఉంటే ఇన్ని దశాబ్దాల తరువాత కూడా నెత్తుటి యుద్ధాలు చేస్తూనే ఉండేవాళ్లమన్నాడు. ఆయన గుర్తుచేసింది 1964 జూలైలో కైరోలో ఆఫ్రికా ఐక్యతా సంస్థ నాయకులు చేసిన నిర్ణయాన్ని. టాంజానియా నాయకుడు జూలియస్ న్యెరేరే ముందుకు తెచ్చిన ఆ తీర్మానం, స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఉన్న సరిహద్దులను గౌరవిస్తామంటుంది. ఆ గదిలోని ప్రతి ఒక్కరికీ ఆ గీతలు ఎలా పుట్టాయో తెలుసు. వాటి కింద నలిగినవారే వాళ్లు. తెలిసే ఉంచుకున్నారు. ఆ ఖండంలో తరువాత యుద్ధాలు ఆగిపోలేదు. కానీ ప్రతి గీతనూ తిరగరాసే యుద్ధం మొదలుకాలేదు. గీత పవిత్రమని నమ్మడం వల్ల వచ్చిన శాంతి కాదది. అది పవిత్రం కాదని ఎరిగి, దానికోసం మనుషులను చంపకూడదని అనుకోవడం వల్ల వచ్చింది.

ఆ నిర్ణయానికి అందరూ తలూపలేదని కూడా చెప్పాలి. సోమాలియా ఒప్పుకోలేదు, మొరాకో ఒప్పుకోలేదు. సోమాలియా జెండా మీది నక్షత్రానికి ఐదు కోణాలు. సోమాలీలు నివసించే ఐదు ప్రాంతాలకు గుర్తు. బ్రిటన్, ఇటలీ, ఫ్రాన్స్ పంచుకున్నవి, ఇథియోపియాలో ఉండిపోయినవి, కెన్యాలో ఉండిపోయినవి. రెండు కోణాలు మాత్రమే ఒక దేశమయ్యాయి. ఆ జెండాను పిల్లలతో గీయించినప్పుడు ఆ కోణాల కథ చెప్పకపోవడం అన్యాయం. పొరుగువారికి భయం పుట్టించిన నక్షత్రం కూడా అదే, ఆ సంగతీ చెప్పాలి.

జనాన్ని అడిగిన సందర్భాలు అసలు లేవా అంటే, ఉన్నాయి. 2011 జనవరిలో దక్షిణ సూడాన్ ప్రజలు దాదాపు 99 శాతం మంది వేరే దేశం కావాలని ఓటు వేశారు. జూలై 9న దేశం పుట్టింది. రెండున్నరేళ్లు తిరగకుండా అంతర్యుద్ధం మొదలైంది. అడగడం ఒక్కటే చాలదన్నమాట. అయినా అడగడానికి బదులు మరేదీ లేదు. డెన్మార్క్, జర్మనీల మధ్య ష్లెస్విగ్ అనే ప్రాంతం మీద పంతొమ్మిదో శతాబ్దంలో రెండు యుద్ధాలు జరిగాయి. 1920లో అక్కడివారినే అడిగారు. ఆ గీత నిలిచింది. తమకు నచ్చని వైపు మిగిలిపోయినవారి భాషకూ బడులకూ 1955లో రెండు ప్రభుత్వాలూ హామీ ఇచ్చాయి. యుద్ధాల పాఠానికి మీ పుస్తకాల్లో ఎన్ని పేజీలైనా దొరుకుతాయి. ఈ గీతకు అర పేజీ దొరకదు.

మీ పని సులువు చేయడానికి నమూనాలు కొన్ని రాసి పంపుతున్నాను. మాటలు మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోండి, కర్తను మాత్రం తీసేయకండి.

కాప్రివి పట్టీ. గీసిన తేదీ 1890 జూలై 1. గీసినవారు జర్మనీ, బ్రిటన్ ప్రభుత్వాలు. అక్కడివారిని అడగలేదు.

38వ అక్షాంశం. ఎంచుకున్నది 1945 ఆగస్టు 10-11 రాత్రి. ఎంచినవారు ఇద్దరు అమెరికా సైనికాధికారులు. అక్కడివారిని అడగలేదు.

పంజాబ్, బెంగాల్ సరిహద్దు. ప్రకటించింది 1947 ఆగస్టు 17. గీసినవారు సిరిల్ రాడ్‌క్లిఫ్. అక్కడివారిలో కొందరి వాదనలు విన్నారు, ఓటు అడగలేదు.

ష్లెస్విగ్. అక్కడివారిని అడిగారు. 1920 ఫిబ్రవరి 10న ఉత్తర భాగంలో నూటికి డెబ్బై ఐదుగురు డెన్మార్క్ అన్నారు, మార్చి 14న దక్షిణాన ఉన్న భాగంలో నూటికి ఎనభై మంది జర్మనీ అన్నారు. రెండు భాగాల మధ్య గీత పెట్టారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు